మెరిమాక్ ఒడ్డున మరమగ్గాల ఊరు

బోస్టన్‌లో ఉంటున్న పిల్లల దగ్గరకు వెళ్లొచ్చిన తెలుగు తల్లిదండ్రుల ఫోన్లు చూడండి. ఫొటోల వరస ఇంచుమించు ఒకటే ఉంటుంది. జాన్ హార్వర్డ్ విగ్రహం బూటు పట్టుకుని ఒకటి, ఎంఐటీ గుమ్మటం ముందు ఒకటి, సెలవులు కలిసొస్తే నయాగరా దగ్గర రెయిన్‌కోటు వేసుకుని ఇంకో పది. బోస్టన్ నార్త్ స్టేషన్‌లో రైలెక్కితే ముప్పావుగంటలో వచ్చే లోవెల్ ఆ ఫోన్లలో కనపడదు. అక్కడ ఏముందని అడిగితే చెప్పడమూ కష్టమే. పాత బట్టల మిల్లులున్నాయి, వాటి మధ్య కాలువలున్నాయి, వెనక ఒక నది ఉంది. ‘మిల్లులు చూడ్డానికి అమెరికా దాకా పోవాలా, మన దగ్గర లేవా?’ అని పెద్దవాళ్లెవరైనా అంటే తప్పుపట్టలేం. మన దగ్గరా ఉన్నాయి. కొన్నయితే మొన్నమొన్నటి దాకా ఉండేవి. లోవెల్ వెళ్లి చూడమనడానికి కారణం కూడా అదే.

బోస్టన్‌కు వాయవ్యంగా 40 కిలోమీటర్ల దూరంలో, మెరిమాక్ నదిలో కాంకర్డ్ నది కలిసే చోట ఉంది ఈ ఊరు. ఇప్పటి జనాభా లక్షా పదిహేను వేల పైచిలుకు. 1820లలో పొలాల మధ్య గొలుసులతో కొలిచి, గీతలు గీసి కట్టిన ఫ్యాక్టరీ ఊరు ఇది. 1826లో టౌను, పదేళ్లకే సిటీ. 1840 నాటికి జనం 20 వేలు దాటి, మసాచుసెట్స్‌లో బోస్టన్ తర్వాత ఇదే పెద్ద ఊరయింది. మనం ఎక్కి వచ్చే రైలు మార్గం కూడా 1835 నాటిది. అమెరికాలో తొలితరం రైలు మార్గాల్లో ఒకటి. వస్తూ పత్తి బేళ్లు, పోతూ బట్టల తానులు దానికి ప్రధాన ప్రయాణికులు.

ఊరు చూడ్డానికి కారు వద్దు. పార్కింగ్ వెతుక్కోవడానికే పొద్దుపోతుంది, పైగా కాలువ గట్ల మీదికి కారు పోదు. మిల్లుల నుంచి నది జలపాతం దాకా రెండు రెండున్నర కిలోమీటర్లే. మంచి బూట్లుంటే చాలు.

నీళ్లు కొనుక్కున్న వర్తకులు

స్టేషన్ నుంచి ఊళ్లోకి నడుస్తుంటే నది కంటే ముందు కాలువ ఎదురవుతుంది. పేరు పటకెట్ కాలువ. మిల్లుల కంటే పాతది, 1796లో తవ్వారు. మెరిమాక్ నది ఈ ఊరి దగ్గర మైలు లోపే 32 అడుగుల కిందికి దిగుతుంది. ఆ జలపాతం దగ్గర పెన్నకుక్ తెగవాళ్లు తరతరాలుగా చేపలు పట్టుకునేవారు. పై అడవుల నుంచి కలప తెచ్చే పడవలకు, తెప్పలకు మాత్రం అది అడ్డు. జలపాతాన్ని తప్పించి పడవలు దాటించడానికే ఆ కాలువ, దాని మీద లాకులు. 1803లో బోస్టన్‌కు నేరుగా పోయే మరో కాలువ వచ్చాక దీని వ్యాపారం పడిపోయింది.

అదే అదునుగా 1821లో బోస్టన్ వర్తకులు కొందరు ఆ కాలువ కంపెనీని, చుట్టూ ఉన్న పొలాలను కొనేశారు. ఎందుకు కొంటున్నారో రైతులకు చెప్పలేదు. ఊరికి ఎవరి పేరు పెట్టారో ఆ ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్ అప్పటికే చనిపోయి నాలుగేళ్లయింది. ఆయన 1810 నుంచి 1812 దాకా బ్రిటన్‌లో ఉన్నాడు. అక్కడి నుంచి యంత్రాలు గానీ, వాటి నక్షాలు గానీ దేశం దాటించడం నేరం. లోవెల్ మాంచెస్టర్ మిల్లులు పెద్దమనిషి తరహాలో తిరిగి చూసి, మరమగ్గం పనితీరును బుర్రలో పెట్టుకుని వచ్చాడు. పాల్ మూడీ అనే మెకానిక్‌తో కలిసి బోస్టన్ దగ్గరి వాల్తమ్‌లో దాన్ని మళ్లీ తయారు చేయించాడు. పత్తి లోపలికి పోయి బట్ట బయటికి వచ్చేదాకా పనంతా ఒకే కప్పు కింద మరలతో జరిగే మిల్లు 1814లో అక్కడ మొదలైంది. వాల్తమ్‌లో ఉన్న చార్లెస్ నది బలం చాలక, ఆయన భాగస్వాములు మెరిమాక్ మీద కన్నేశారు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే ఇదంతా పారిశ్రామిక గూఢచర్యం. అమెరికా పరిశ్రమకు పునాది దొంగిలించిన మగ్గం మీద పడిందని అక్కడి మ్యూజియంలో ఎవరూ దాచిపెట్టరు.

1822 వసంతంలో హ్యూ కమిస్కీ అనే మేస్త్రీ వెంట ముప్పై మంది ఐరిష్ కూలీలు బోస్టన్ పక్కనున్న చార్ల్స్‌టౌన్ నుంచి ఇక్కడికి నడిచొచ్చారు. పాత కాలువను వెడల్పు చేయడం, కొత్త కాలువలు తవ్వడం వాళ్ల పని. మిల్లుల్లో పనిచేసే అమ్మాయిలకు ఇటుక హాస్టళ్లు కట్టిన కంపెనీ వీళ్లకు తలదాచుకునే చోటు కూడా చూపలేదు. ఊరి చివర ఒక జాగాలో గుడిసెలు వేసుకున్నారు. ఆ పేట ఇప్పటికీ ‘ఏకర్’గానే ఉంది. 1831లో అక్కడ సెయింట్ పాట్రిక్స్ చర్చి వెలిసింది. ఐరిష్ వాళ్ల తర్వాత ఫ్రెంచ్ కెనడియన్లు, గ్రీకులు, పోలిష్ వాళ్లు, పోర్చుగీసు వాళ్లు మిల్లుల కోసం ఈ ఊరొచ్చారు. చివరికి 1970, 80లలో పొల్‌పాట్ నరమేధం నుంచి బయటపడ్డ కంబోడియా శరణార్థులు వచ్చారు. 2022లో ఊరికి మేయరైన సొఖారీ చౌ కంబోడియా నుంచి పిల్లవాడిగా వచ్చినవాడే.

డట్టన్ వీధి దాటి స్వాంప్ లాక్స్ దగ్గర కాసేపు నిలబడాలి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో పుట్టినవాళ్లకు లాకులంటే కొత్తగా చెప్పక్కర్లేదు. ఇక్కడి చమత్కారం వేరే ఉంది. ఈ ఊళ్లో కాలువలు రెండు అంతస్తుల్లో ఉన్నాయి. పై కాలువలో నీళ్లు ఒక మిల్లు చక్రాన్ని తిప్పుతూ 13 అడుగులు దిగి కింది కాలువలో పడతాయి. అక్కడి నుంచి మరో మిల్లును తిప్పుతూ 17 అడుగులు దిగి నదిలో కలుస్తాయి. కలిపితే దాదాపు ఆరు మైళ్ల కాలువలు. ఒకే నీటిని రెండుసార్లు పనిలో పెట్టుకున్నారు.

ఆ నీటిని అమ్మారు కూడా. కాలువల కంపెనీ మిల్లులకు నీళ్లు ‘మిల్ పవర్’ అనే కొలతలో అమ్మేది. 30 అడుగుల ఎత్తు నుంచి పడే 25 క్యూసెక్కులు ఒక మిల్ పవర్. వాల్తమ్‌లో 3,584 కదుళ్లున్న మిల్లును నడపడానికి ఎంత నీరు పట్టిందో దాన్నే కొలబద్దగా పెట్టుకున్నారు. మన రిజర్వాయర్ల వార్తల్లో రోజూ వినే క్యూసెక్కు ఈ ఊళ్లో అమ్ముడుపోయే సరుకు. పైసా తేడా లేకుండా లెక్క కట్టాల్సిన సరుకు కూడా. ఆ లెక్క కట్టినాయన దగ్గరకు తర్వాత వద్దాం.

చెవుల్లో దూది పెట్టుకుని చూసే మ్యూజియం

మెరిమాక్ కాలువ పక్కన చెట్ల నీడలో నడిచే దారికి లూసీ లార్కమ్ పార్కు అని పేరు. లూసీ పదకొండేళ్ల వయసులో మిల్లులో చేరి, ఖాళీ కండెలు నిండిన కండెలు మార్చే పని చేసిన పిల్ల, తర్వాతి రోజుల్లో అమెరికాలో పేరున్న కవయిత్రి. మిల్లులోకి పుస్తకాలు తేకూడదని నియమం ఉంటే, పత్రికల్లో వచ్చిన పద్యాలు కత్తిరించి తన పక్క కిటికీకి అతికించుకుని చదువుకునేది.

అక్కడి నుంచి నది వైపు తిరిగితే బూట్ కాటన్ మిల్స్. 1835లో మొదలై 1955లో మూతబడింది. ఎర్ర ఇటుకల కోటలాంటి ఆవరణ, నడుమ గంట గోపురం, దాని కొసన గాలివాటు చూపే నాడె బొమ్మ. లోపల కింది అంతస్తులో మ్యూజియం. టికెట్‌తో పాటు చెవుల్లో పెట్టుకోవడానికి చిన్న బిరడాలిస్తారు. మొహమాటపడకుండా తీసుకోండి.

తలుపు తెరిస్తే 88 మరమగ్గాలున్న గది. అన్నీ ఒకేసారి ఆడించరు. కొన్ని ఆడితేనే కాళ్ల కింద చెక్కనేల వణుకుతుంది, పక్కనున్నవాళ్ల మాట వినపడదు. పైన కప్పు పొడవునా ఇనుప షాఫ్టు తిరుగుతుంటుంది. దాన్నుంచి ఒక్కో మగ్గానికి తోలు బెల్టు దిగుతుంది. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డు ముందు నుంచి నడిచినవాళ్లకు ఆ చప్పుడు తెలుసు. షెడ్డులో పన్నెండు గంటలు నిలబడటం మాత్రం అక్కడ పనిచేసినవాళ్లకే తెలుసు. ఈ మిల్లులో పొడిగాలికి పడుగు పోగులు తెగుతాయని కిటికీలు బిగించేవారు, గదిలో ఆవిరి పట్టించేవారు. నాడె కంట్లోంచి పేక పోగును నోటితో పీల్చి లాగేవారు. ఒకరి తర్వాత ఒకరు అదే నాడెకు నోరు పెట్టేవారు కాబట్టి ఒకరి క్షయ మరొకరికి అంటుకునేది. ఇప్పుడు అక్కడ నేసిన తువ్వాళ్లను కిందనున్న దుకాణంలో అమ్ముతారు. నా మటుకు ఈ గది ఒక్కటి చూసి వెనక్కి వెళ్లిపోయినా రైలు టికెట్ గిట్టుబాటయినట్టే. యంత్రాలకు నూనె రాసి అద్దాల వెనక నిలబెట్టే మ్యూజియాలు లోకంలో చాలా ఉన్నాయి. చప్పుడును, కంపనాన్ని భద్రపరిచినవి అరుదు.

మిల్లు ఎదురుగా కంపెనీ వాళ్ల బోర్డింగ్ హౌస్ ఒకటి మిగిలింది. ఇందులో మిల్లు అమ్మాయిల మీద ప్రదర్శన ఉంది. మొదట్లో ఈ మిల్లుల్లో పనిచేసినవాళ్లలో ఎక్కువమంది న్యూ ఇంగ్లండ్ పల్లెల నుంచి వచ్చిన రైతుల కూతుళ్లు. పదిహేను నుంచి ముప్పై లోపు వయసువాళ్లు. తమ్ముడి కాలేజీ ఫీజుకో, పొలం మీది అప్పుకో, తన పెళ్లి ఖర్చుకో నాలుగు డబ్బులు కూడబెట్టుకుందామని వచ్చేవాళ్లు. ఆడపిల్లను పరాయి ఊరికి పంపడానికి తండ్రి వెనకాడతాడని కంపెనీకి తెలుసు. అందుకే ప్రతి ఇంటికీ ఒక పెద్దావిడను పెట్టింది. రాత్రి పదికి తలుపులు మూసేసేవారు, ఆదివారం చర్చికి వెళ్లి తీరాలి. అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్ చూసి, వార్డెన్‌తో మాట్లాడి, కూతురి పెట్టె దించి వచ్చిన నాన్నకు ఈ ఏర్పాటు ఇట్టే అర్థమవుతుంది. ఒక్కో గదిలో ఆరుగురు, ఒక్కో మంచానికి ఇద్దరు. వారానికి మూడు డాలర్ల పైచిలుకు జీతం. అందులో డాలరుంపావు భోజనానికి, మంచానికి పోయేది. పని సగటున వారానికి 73 గంటలు.

1842లో చార్లెస్ డికెన్స్ ఈ ఊరొచ్చి ముచ్చటపడ్డాడు. బోర్డింగ్ హౌసుల్లో పియానోలున్నాయి, అమ్మాయిలు లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుంటున్నారు, ‘లోవెల్ ఆఫరింగ్’ అనే పత్రికను తామే రాసి నడుపుతున్నారు అని తన దేశంవాళ్లకు రాశాడు. ఆయన చూసింది అబద్ధం కాదు. ఇంగ్లండ్ మిల్లుల నరకం ముందు ఇది స్వర్గంలా కనిపించి ఉంటుంది. ఆయన చూడని సంగతులు అప్పటికే ఇక్కడ జరిగిపోయాయి. 1834 ఫిబ్రవరిలో జీతాలు 15 శాతం కోస్తామనగానే దాదాపు 800 మంది అమ్మాయిలు మగ్గాలు వదిలి వీధుల్లో ఊరేగారు. కొద్ది రోజులకే సమ్మె వీగిపోయింది. 1836లో బోర్డింగ్ ఖర్చు పెంచినప్పుడు అంతకు రెట్టింపు మంది బయటికొచ్చారు. ఆ రోజు కింది గదిలోని పెద్దవాళ్లు వెళ్దామా వద్దా అని తటపటాయిస్తుంటే, హారియట్ హాన్సన్ అనే పదకొండేళ్ల పిల్ల ‘మీరొచ్చినా రాకున్నా నేను పోతున్నా’ అని ముందు నడిచింది, గదంతా ఆమె వెనక నడిచింది. బోర్డింగ్ హౌస్ నడుపుతున్న ఆమె తల్లికి కంపెనీ ఆ పని పీకేసింది. కూతురిని అదుపులో పెట్టుకోలేకపోయిందట!

సారా బాగ్లీ పేరు ఇక్కడ తప్పకుండా చెప్పుకోవాలి. 1845లో మిల్లు మహిళల సంఘానికి అధ్యక్షురాలై, పనిదినం పది గంటలు చేయాలని వేల సంతకాలతో రాష్ట్ర శాసనసభకు అర్జీ పంపింది, కమిటీ ముందు సాక్ష్యం చెప్పింది. ఆ కమిటీకి అధ్యక్షుడు విలియం షౌలర్ లోవెల్‌లోనే పత్రిక నడిపేవాడు. పని గంటలు యజమానులు, కార్మికులు తేల్చుకోవాల్సినవి, చట్టానికేం పని అని నివేదిక ఇచ్చాడు. ఆ ఏడాది ఎన్నికల్లో ఓడిపోయాడు. ఓటు హక్కే లేని ఆ ఆడవాళ్లు ఆయన ఓటమికి ప్రచారం చేసి, ఓడించిన ఓటర్లకు కృతజ్ఞతలు చెబుతూ తీర్మానం చేశారు. ‘లోవెల్ ఆఫరింగ్’ కంపెనీల మీద విమర్శలు వేసుకోదని బాగ్లీ బహిరంగంగానే దుయ్యబట్టింది. తర్వాత ఈ ఊళ్లోనే టెలిగ్రాఫ్ ఆఫీసులో చేరి, ఆ ఉద్యోగం చేసిన తొలి అమెరికన్ మహిళల్లో ఒకరైంది. ఆమె అడిగిన పది గంటల చట్టం 1874లో వచ్చింది.

ఇటుక, నీళ్లు, హాస్టల్ గది అన్నీ కాలినడకన చూడొచ్చు. ఎంత నడిచినా ఈ ఊళ్లో కనపడనిది ఒకటుంది, పత్తి చేను. లోవెల్ మిల్లుల్లోకి వచ్చిన పత్తి అలబామా, మిసిసిపీ లాంటి దక్షిణ రాష్ట్రాల్లో నల్ల బానిసలు ఏరినది. ఇక్కడ నేసిన ముతక బట్టలో కొంత మళ్లీ వాళ్ల ఒంటి మీదికే వెళ్లింది. తోటల యజమానులు బానిసలకు ఇచ్చే ఆ గుడ్డను దక్షిణాదిలో ‘లోవెల్’ అనే పిలిచేవారు. కొరడా పట్టిన దొరలకూ మగ్గాల దొరలకూ మధ్య పొత్తు ఉందని 1848లోనే బానిసత్వాన్ని వ్యతిరేకించిన నాయకుడు చార్లెస్ సమ్నర్ మసాచుసెట్స్‌లో నిలబడి అన్నాడు. సిటీ హాలు ముందు లాడ్, విట్నీ అనే ఇద్దరు కుర్రాళ్ల స్మారకం ఉంది. అంతర్యుద్ధం మొదలైన కొద్ది రోజులకే, 1861 ఏప్రిల్‌లో, బాల్టిమోర్ వీధుల్లో మూక దాడిలో చనిపోయిన లోవెల్ సైనికులు వాళ్లు. యుద్ధం ఎక్కువ రోజులు సాగదనుకుని మిల్లుల యజమానులు దగ్గరున్న పత్తిని మంచి ధరకు అమ్ముకుని, మగ్గాలు ఆపి, కార్మికులను ఇళ్లకు పంపేశారు. అమెరికా పత్తి ఆగిపోవడంతో లాంకషైర్ మిల్లులు ఇండియా వైపు చూశాయి. మన పత్తి రైతుకు ఆ నాలుగేళ్లు మునుపెన్నడూ చూడని ధర దక్కింది. యుద్ధం ముగియగానే ధర పడిపోయింది.

నీటి లెక్కల మనిషి

బూట్ మిల్లు వెనక నుంచి నది గట్టు వెంబడి పడమటికి నడిస్తే ఒకవైపు మెరిమాక్, మరోవైపు వరసగా మిల్లు గోడలు. యూనివర్సిటీ దగ్గరకు వచ్చాక నార్తర్న్ కెనాల్ మొదలవుతుంది. ఈ నడకలో నాకు అన్నిటికంటే నచ్చిన చోటు ఇదే. ఎడమ చేతి పక్క నిండుగా, నిబ్బరంగా కాలువ. కుడిపక్క ఎంతో లోతున బండల మీద దూకుతున్న నది. రెండింటి మధ్య 36 అడుగుల దాకా ఎత్తున్న గ్రానైట్ గోడ, దాని మీద మీరు. ఈ దారి ఏడాది పొడవునా తెరిచి ఉండదు. మంచు కురిసే నెలల్లో మూసేస్తారు.

ఈ కాలువను 1840ల చివర కట్టించింది జేమ్స్ బిచెనో ఫ్రాన్సిస్. 1815లో ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ పక్క పల్లెలో పుట్టాడు. పద్దెనిమిదేళ్లకు అమెరికా వచ్చి, 22వ ఏట లోవెల్ కాలువల కంపెనీకి చీఫ్ ఇంజినీరయ్యాడు. ఆయన ఉన్న ఇల్లు వర్దెన్ వీధిలో ఉంది. అంతకుముందు అదే ఇంట్లో ఉన్న రైల్వే ఇంజినీరుకు 1834లో పుట్టిన కొడుకు చిత్రకారుడు విస్లర్. అందుకే అది ఇప్పుడు విస్లర్ పేరుతో ఆర్ట్ మ్యూజియం. ఇంజినీరు పేరు బోర్డు మీద లేదని బాధపడక్కర్లేదు. ఆ పేరు మన శ్రీశైలంలో ఉంది.

శ్రీశైలం కుడిగట్టు విద్యుత్ కేంద్రంలో 110 మెగావాట్ల యూనిట్లు ఏడింటినీ తిప్పేవి ఫ్రాన్సిస్ టర్బైన్లు. ఎడమగట్టున, నాగార్జునసాగర్‌లో నీటిని తిరిగి వెనక్కి ఎత్తిపోయగల రివర్సిబుల్ యూనిట్లు కూడా ఆ రకమే. ప్రపంచంలో జలవిద్యుత్ కేంద్రాల్లో ఎక్కువగా వాడేది ఇదే. దీని వంశవృక్షం ఈ ఊరి మిల్లు నేలమాళిగల్లో మొదలైంది. పాత చెక్క చక్రాలు పెద్దవి, నెమ్మది. నదికి వరదొచ్చి కింది నీళ్లు వెనక్కి తంతే చక్రం మునిగి ఆగిపోయేది. ఫ్రాన్సిస్ 1848, 49లలో తయారు చేసిన టర్బైన్‌లో నీళ్లు చుట్టూరా ఉన్న రెక్కల సందుల్లోంచి లోపలికి దూసుకెళ్లి, నడుమ ఉన్న చక్రాన్ని తిప్పి, కిందికి జారిపోతాయి. మునిగినా ఆగదు. ఆలోచన మొత్తం ఆయనదే కాదు. శామ్యూల్ హౌడ్ పేరిట అలాంటి చక్రానికి 1838లోనే పేటెంట్ ఉంది. ఫ్రాన్సిస్ గొప్పతనం కొలవడంలో ఉంది. ఊహతో, అనుభవంతో చక్రాలు చేసే రోజుల్లో ఆయన ప్రతి రెక్క వంపునూ, ప్రతి సందులో పోయే నీటినీ కొలిచి లెక్క రాసిపెట్టాడు. ఏ మిల్లు ఎంత నీరు వాడుకుందో తగవులు రాకుండా తేల్చడానికి చేసిన ప్రయోగాలను 1855లో పుస్తకంగా అచ్చువేశాడు. కాలువకు అడ్డంగా కట్టిన గట్టు మీది నుంచి పొర్లే నీటిని లెక్కగట్టే ‘ఫ్రాన్సిస్ సూత్రం’ మన సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థులు ఇప్పటికీ పరీక్షల్లో రాస్తున్నారు.

ఆయన మరో పనిని మాత్రం ఊరు ఎగతాళి చేసింది. పటకెట్ కాలువ నదిలోంచి మొదలయ్యే చోట 1850లో 27 అడుగుల వెడల్పు, 25 అడుగుల ఎత్తున్న ఒక కొయ్య తలుపును ఇనుప పట్టీకి వేలాడదీశాడు. ఎప్పుడో ఒకప్పుడు పెద్ద వరదొస్తే కాలువ దారిన నది ఊళ్లోకి వస్తుందని ఆయన భయం. జనం దానికి ‘ఫ్రాన్సిస్ పిచ్చి’ అని పేరు పెట్టారు. రెండేళ్లు తిరక్కుండా 1852 ఏప్రిల్‌లో ఒక రాత్రి మెరిమాక్ పొంగింది. తెల్లవారకముందే ఒక పనివాడు సుత్తి, ఉలి పట్టుకుని ఆ ఇనుప పట్టీని నరికాడు. తలుపు దబ్బున పడింది. ఊరు మునగలేదు. ఆ తర్వాత ఎత్తి మళ్లీ వేలాడదీసిన ఆ తలుపు 84 ఏళ్లకు, 1936 మార్చి వరదలో, ఇంకోసారి పడి ఇంకోసారి ఊరిని కాపాడింది. ఆ తలుపున్న గేట్‌హౌస్ ఇప్పటికీ నిలబడి ఉంది. జలపాతం నుంచి అటు నడిచి వెళ్లి చూడొచ్చు. ఆ మొదటి వరద వచ్చిన 1852లోనే మన ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది.

నీళ్లున్న చోట పేచీ ఉండకుండా ఎలా ఉంటుంది? వేసవిలో మెరిమాక్ తగ్గిపోతుందని లోవెల్, దాని దిగువనున్న మిల్లుల ఊరు లారెన్స్ కంపెనీలు పైనున్న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని విన్నిపెసాకీ సరస్సు ఆనకట్టలను 1840లలో కొనేశాయి. పై రాష్ట్రంలో నీళ్లు ఆపుకుని, తమకు కావలసినప్పుడు వదిలించుకునేవి. తమ పొలాలు మునుగుతున్నా, తమ మిల్లులు ఎండుతున్నా తాళంచెవి పక్క రాష్ట్రంవాళ్ల చేతిలో ఉందని పైవాళ్లకు మండింది. 1859లో లేక్ విలేజ్ దగ్గర ఆనకట్ట మీద పడి పగలగొట్టబోయారు. కృష్ణా నీటి పంపకాల మీద మూడు తరాలుగా వాదనలు వింటున్న తెలుగు పాఠకుడికి ఈ కథను ఇంతకంటే విడమరచి చెప్పక్కర్లేదు.

కూల్చాక తెలిసొచ్చింది

1920ల నుంచి మిల్లులు ఒక్కొక్కటిగా దక్షిణ రాష్ట్రాలకు తరలిపోయాయి. అక్కడ కూలి చవక, యూనియన్లు లేవు. రెండో ప్రపంచ యుద్ధం కొన్నాళ్లు ఊపిరి పోసింది, ఆ తర్వాత అదీ ఆగింది. ఊరికి మూలమైన మెరిమాక్ కంపెనీ మిల్లులను 1960 ప్రాంతంలో పట్టణాభివృద్ధి పేరుతో నేలమట్టం చేశారు. 1966లో డట్టన్ వీధిలోని పాత బోర్డింగ్ ఇళ్ల వరసను కూడా కూల్చారు. ఆ చివరి కూల్చివేత ఊరివాళ్లను కదిలించింది. నిరుద్యోగంతో, పాత ఇటుకలతో విసిగిపోయి ‘అవన్నీ పడగొడితేనే ఊరికి దరిద్రం వదులుతుంది’ అనుకునే జనం మధ్య, పాట్రిక్ మోగన్ అనే విద్యాధికారి మరో మాట అన్నాడు. ఊరినే పాఠశాల చేద్దాం, మిల్లులు, కాలువలు, వలస వచ్చిన కుటుంబాలు అన్నీ పాఠాలే అన్నాడు. ఊరి కుర్రాడు పాల్ సాంగస్ అమెరికా కాంగ్రెస్‌లో దాని కోసం పట్టుబట్టాడు. 1978 జూన్‌లో లోవెల్ జాతీయ చారిత్రక పార్కు చట్టం వచ్చింది. కొండలను, అడవులను కాపాడే నేషనల్ పార్క్ సర్వీసు టోపీలు పెట్టుకున్న రేంజర్లు ఇక్కడ మగ్గాలకు కాపలా కాస్తారు.

అంతా బాగుందనలేను. మిల్లుల్లో చాలావాటిని అపార్ట్‌మెంట్లు చేశారు. పేదవాళ్లు ఊపిరితిత్తులు పోగొట్టుకున్న గదులను ‘ఎత్తయిన కిటికీలు, అసలైన ఇటుక గోడలు’ అని ప్రకటనల్లో చూస్తే చివుక్కుమంటుంది. అయినా గోడ నిలిచింది కాబట్టే ఆ గోడ వెనక ఏం జరిగిందో అడగడానికి వీలుంది.

గోడల కంటే ముందు మనుషులు పోతారని కూడా ఈ ఊరికి తెలుసు. చివరి తరం మిల్లు కార్మికులు బతికుండగానే ఇక్కడి యూనివర్సిటీవాళ్లు టేపు రికార్డర్లతో వాళ్ల ఇళ్లకు వెళ్లారు. చరిత్రకారిణి మేరీ బ్లూవెట్ ఆ ముఖాముఖీలతో 1990లో ‘ద లాస్ట్ జనరేషన్’ అనే పుస్తకం తెచ్చింది. జీతం ఎంతో, పక్కమగ్గం ఎవరిదో, సూపర్‌వైజర్ ఎలా తిట్టేవాడో కార్మికులే చెప్పుకున్నారు.

మనకూ నది ఒడ్డు మిల్లు ఊళ్లున్నాయి. గోస్తని ఒడ్డున చిట్టివలస జూట్ మిల్లు 2009లో లాకౌటయింది. చంపావతి పక్కన నెల్లిమర్ల జూట్ మిల్లు మూతలతో, మళ్లీ తెరవడాలతో ఎన్నో ఏళ్లు నెట్టుకొచ్చింది. నది పక్కది కాకపోయినా వరంగల్ ఆజంజాహి మిల్లును మరవలేం. 1934లో నిజాం కాలంలో మొదలై, 2000ల తొలినాళ్లలో మూతపడి, షెడ్లు పోయి, స్థలం చేతులు మారింది. వాటిలో పనిచేసిన తాతలు, నాన్నలు, అమ్మలు ఇంకా చాలా ఇళ్లల్లో ఉన్నారు. మీ ఇంట్లో ఉంటే ఈ ఆదివారం వాళ్ల పక్కన కూర్చోండి. సైరన్ ఎన్నింటికి మోగేదో, మొదటి జీతం ఎంతో, ఏ ఊరి నుంచి ఎలా వచ్చి చేరారో, గేటు మూసిన రోజు ఏం చేశారో అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. పేరు, పనిచేసిన విభాగం, సంవత్సరాలు దాని పక్కనే రాసిపెట్టండి.